"మెదడువాపు టీకా చిన్నప్పుడే వేయించాం కదా!"

మా అక్క కొడుకు నిరుడు ఇంటర్ అయ్యాక డిగ్రీ చదవడానికి టెక్సాస్ వెళ్లాడు. వీసా అయింది, టికెట్ అయింది, ఆవకాయ ప్యాకింగ్ కూడా అయింది. అంతా అయ్యాక యూనివర్సిటీ పోర్టల్‌లో ఎర్ర అక్షరాలు కనిపించాయి. మెనింజోకోకల్ టీకా సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తేగానీ క్లాసులకు రిజిస్ట్రేషన్ కాదట. "మెదడువాపు టీకాయే కదా, వీడికి చిన్నప్పుడే వేయించాం" అన్నాడు బావ ధీమాగా. బీరువా అంతా గాలించి పాత టీకా కార్డు తీశారు. నిజమే, అందులో జేఈ అని ఉంది. దాన్నే స్కాన్ చేసి పంపారు. రెండు రోజులకు "చెల్లదు" అని తిరిగొచ్చింది.

ఇందులో బావ తప్పు పెద్దగా లేదు. మెదడువాపు అన్న ఒక్క మాటను మనం ఎన్ని జబ్బులకు వాడుతున్నామో చూస్తే ఆయన పొరబడకపోతేనే ఆశ్చర్యం.

జేఈ అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్. అది వైరస్. పందుల్లో, కొంగల్లాంటి పక్షుల్లో ఉంటుంది, దోమ ద్వారా మనిషికి వస్తుంది. వాచేది మెదడే. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జబ్బుపడి 183 మంది చనిపోయినప్పుడు కూడా పత్రికలన్నీ మెదడువాపు అనే రాశాయి. పరీక్షల్లో తేలింది మాత్రం చాందీపుర వైరస్. దాన్ని మోసేది దోమ కాదు, గోడల పగుళ్లలో దాక్కునే ఇసుక ఈగ. ఇక మెనింజైటిస్ అంటే వాచేది మెదడు కాదు, మెదడునీ వెన్నుపామునీ చుట్టి ఉండే పొరలు. ఆ పొరల వాపు కూడా ఒక్క రకం కాదు. వైరస్ వల్ల రావచ్చు, టీబీ వల్ల రావచ్చు, న్యుమోకోకస్, హిబ్ లాంటి బ్యాక్టీరియా వల్ల రావచ్చు. వాటిలో ఒకటి మెనింజోకోకస్. ఇది దోమతో రాదు, ఈగతో రాదు, పందితో రాదు. మనిషి నుంచి మనిషికే వస్తుంది. కాబట్టి వీధంతా పొగ కొట్టించినా దీనికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఈ బ్యాక్టీరియాను 1887లో వియన్నాలో ఆంటోన్ వైక్సెల్‌బౌమ్ గుర్తించాడు. మైక్రోస్కోపులో చూస్తే రెండు కాఫీ గింజలను చదును వైపులు ఎదురెదురుగా పెట్టినట్టు జంటలు జంటలుగా కనిపిస్తుంది. దీని కాపురం మనిషి ముక్కు వెనకాల, గొంతు పైభాగంలో. ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లో దాదాపు పది శాతం మంది గొంతులో ఇది ఉంటుందని అంచనా. టీనేజీ పిల్లల్లో, కాలేజీ వయసు వాళ్లలో ఇంకా ఎక్కువ. వారాలో నెలలో ఉండి వెళ్లిపోతుంది. ఉన్నట్టు వాళ్లకే తెలియదు. పైగా అలా ఉండి వెళ్లడం వల్ల ఒంట్లో కొంత రక్షణ కూడా వస్తుంది.

మరి అంత సాధువుగా ఉండేది ఎప్పుడు చంపుతుంది? గొంతు పొర దాటి రక్తంలోకి జారినప్పుడు. అలా జారడం చాలా అరుదు. జారినప్పుడు దాన్ని కాపాడేది దాని ఒంటి మీది చక్కెర తొడుగు. మన రక్తంలోని రక్షక కణాలకు పట్టు దొరకనివ్వని జిగురు కోటు అనుకోండి. ఆ తొడుగు రకాన్ని బట్టే దీన్ని ఏ, బీ, సీ, డబ్ల్యూ, ఎక్స్, వై అని విడదీశారు. మొత్తం రకాలు 12 ఉన్నా మనుషుల్ని పడగొట్టేవి దాదాపు ఈ ఆరే. ఈ అక్షరాలను గుర్తుపెట్టుకోండి, టీకా దగ్గర మళ్లీ పని పడుతుంది.

రక్తంలోకి వచ్చాక రెండు దారులు. మెదడు పొరలకు చేరితే మెనింజైటిస్: తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మాట తడబడటం. రక్తంలోనే విజృంభిస్తే సెప్సిస్. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం. క్రిమి పై పొర నుంచి ఊడిపడే విషం రక్తనాళాలను చిల్లులు పడేలా చేస్తుంది, ఒకపక్క రక్తం గడ్డలు కడుతుంది, ఇంకోపక్క చర్మం కింద కారిపోతుంది, బీపీ పడిపోతుంది. కొందరికి రెండూ కలిసే వస్తాయి. వైద్యం అందినా 100 మందిలో 10 నుంచి 15 మంది చనిపోతారు. బతికిన వాళ్లలో ప్రతి అయిదుగురిలో ఒకరి దాకా వినికిడి పోవడమో, వేళ్లో కాళ్లో తీసేయాల్సి రావడమో, మెదడు దెబ్బతినడమో జరుగుతుంది.

అసలు చిక్కు వేగంతో. బ్రిటన్‌లో ఈ జబ్బు బారిన పడిన 448 మంది పిల్లల కథలను గంట గంటకూ రాసుకుని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2006లో ప్రచురించారు. మనం పుస్తకాల్లో చదివే మెడ బిగుసుకోవడం, వెలుతురు పడకపోవడం, మచ్చలు అన్నవి జబ్బు మొదలైన 13 నుంచి 22 గంటల మధ్య గానీ రాలేదు. అంతకు చాలా ముందే, సగటున 8 గంటలకే, మూడు సంకేతాలు చాలామందిలో కనిపించాయి. కాళ్ల నొప్పులు, ఒళ్లు కాలిపోతున్నా అరచేతులూ పాదాలూ చల్లగా ఉండటం, చర్మం రంగు పాలిపోవడమో నల్లబడటమో. మొదటిసారి డాక్టరుకు చూపించినప్పుడు ఆ పిల్లల్లో సుమారు సగం మందినే ఆసుపత్రికి పంపారట. డాక్టర్లను తప్పుపట్టి లాభం లేదు. మొదటి నాలుగైదు గంటల్లో ఇది ఏ వైరల్ జ్వరంలాగో ఉంటుంది, అంతకుమించి ఎవరికీ కనిపించదు.

మన దగ్గర ఆ నాలుగైదు గంటలు ఎలా గడుస్తాయో అందరికీ తెలుసు. ఒక డోలో. తగ్గకపోతే మెడికల్ షాపులో "జ్వరానికి ఏదైనా ఇవ్వండి" అంటే మూడు రోజుల యాంటీబయాటిక్. "పొద్దున చూద్దాంలే." మామూలు జ్వరానికి ఆ పొద్దున వస్తుంది. దీనికి 24 గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. పైగా సగం సగం వేసిన ఆ యాంటీబయాటిక్ తరవాత చేసే పరీక్షల్లో క్రిమి దొరక్కుండా చేస్తుంది. అందుకే జ్వరం ఎంత ఉందన్నది ఒక్కటే చూడకండి. మనిషి ఎలా ఉన్నాడో చూడండి, గంటగంటకూ దిగజారుతున్నాడా అన్నది చూడండి. నెలల పిల్లలైతే మెడ బిగుసుకోవడం అసలు కనిపించకపోవచ్చు. పాలు వదిలేయడం, ఎత్తుకుంటే ఇంకా గట్టిగా ఏడవడం, వేలాడిపోవడం, మాడు ఉబ్బెత్తుగా కనిపించడం చూడాలి.

మచ్చల సంగతి కూడా దగ్గరగా చూడాల్సిందే. చర్మం కింద రక్తం చిమ్మి చిన్న చిన్న ఎర్ర చుక్కలు వస్తాయి, గంటల్లో అవి ఊదారంగు మచ్చలవుతాయి. వాటి మీద గాజు గ్లాసు పక్కభాగం గట్టిగా అదిమిపెట్టి అందులోంచి చూడాలి. మామూలు దద్దుర్లయితే నొక్కినచోట రంగు మాయమవుతుంది. ఇవి మాయం కావు, ఎందుకంటే రక్తం నాళంలో లేదు, బయటికి వచ్చేసింది. మన ఇళ్లలో చేతికి దొరికేది స్టీలు గ్లాసు, దానితో ఈ పని కాదని వేరే చెప్పక్కర్లేదు. చామనచాయ, నలుపు ఒంటి మీద చుక్కలు పట్టుకోవడం కష్టం. అరచేతులు, అరికాళ్లు, కంటి రెప్ప లోపలి వైపు, నోట్లో అంగిలి మీద వెతకాలి. అయితే మచ్చలు రాలేదు కదా అని ఆగడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కొందరికి అవి అసలు రావు, వచ్చేవాళ్లకీ ఆలస్యంగా వస్తాయి.

ఆసుపత్రికి వెళ్లాక ఇంకో అడ్డంకి ఇంటివాళ్ల నుంచే వస్తుంది. వెన్నులోంచి నీరు తీయాలి అనగానే "వద్దండీ, కాళ్లు పడిపోతాయంట" అని సంతకం పెట్టని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది గుచ్చేది దానికి దిగువన, మూడో నాలుగో పూసల మధ్య. అక్కడ ఉండేది నీటిలో తేలే నరాల పోగులే. సూది తగిలితే అవి పక్కకు జరుగుతాయి. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్నప్పుడు డాక్టర్లే దాన్ని వాయిదా వేస్తారు. మామూలుగా ఆ నీరు మంచినీళ్లంత తేటగా ఉంటుంది. బ్యాక్టీరియా మెనింజైటిస్‌లో గంజినీళ్లలా మసకబారి వస్తుంది. ఆ నాలుగు చుక్కల్లో తేలేదే ఏ మందు, ఎన్ని రోజులు అన్నది. అయితే దానికోసం మందు ఆపరు. అనుమానం రాగానే సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజక్షన్ రక్తంలోకి ఎక్కించేస్తారు. మంచి వార్త ఏమిటంటే ఈ క్రిమి మందులకు ఇప్పటికీ బాగానే లొంగుతుంది. వేళకు మందు పడటమే గగనం.

ఇక చుట్టుపక్కల వాళ్ల టెన్షన్. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు, ఒకే గదిలో పడుకున్నవాళ్లు, ముద్దులు పెట్టుకున్నవాళ్లు, రోగి నోటి దగ్గర గొట్టం వేసిన వైద్య సిబ్బంది మాత్రమే దగ్గరి మనుషుల లెక్కలోకి వస్తారు. వాళ్లకు వీలైతే 24 గంటల్లోపే ముందుజాగ్రత్త మందు ఇస్తారు. సిప్రోఫ్లాక్సాసిన్ ఒక్క మాత్ర, లేదా సెఫ్ట్రియాక్సోన్ ఒక్క ఇంజక్షన్, లేదా రెండు రోజులు రిఫాంపిసిన్. ఈ రిఫాంపిసిన్ మన టీబీ కోర్సులో ఇచ్చేదే, మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పాలి. ఏది ఇవ్వాలన్నది డాక్టరే తేల్చాలి. 2005లో ఢిల్లీలో ఈ జబ్బు చెలరేగినప్పుడు సిప్రోకు లొంగని రకం దొరికింది, పక్కింటావిడ మాట మీద ఆ మాత్ర వేసుకుంటే ఫలితం ఉండకపోవచ్చు. అదే బస్సులో వచ్చినవాళ్లకో, వీధి మొత్తానికో ఏ మందూ అక్కర్లేదు. మనిషి బయట ఈ క్రిమి ఎక్కువసేపు బతకదు.

టీకా కథ దగ్గర మాత్రం నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే అందులో మనవాళ్ల చెయ్యి ఉంది.

మొదట్లో వచ్చిన టీకాలు ఆ చక్కెర తొడుగును విడిగా తీసి ఇంజక్షన్‌గా ఇచ్చినవి. రెండేళ్ల లోపు పిల్లల శరీరం వట్టి చక్కెరను సరిగా గుర్తుపట్టదు. పెద్దవాళ్లలో కూడా రెండు మూడేళ్లకే ఆ రక్షణ తగ్గిపోతుంది. గొంతులో కాపురం ఉన్న క్రిమిని ఇది కదిలించలేదు, అంటే వ్యాప్తి ఆగదు. ఆ చక్కెరను ఒక ప్రోటీనుకు అతికిస్తే మాత్రం కథ మారిపోయింది. పసిపిల్లల్లోనూ పని చేసింది, శరీరం గుర్తుపెట్టుకుంది, గొంతులోంచి క్రిమిని కూడా తగ్గించింది. దీన్నే కాంజుగేట్ టీకా అంటారు. 1999లో సీ రకానికి ఇలాంటి టీకాతో బ్రిటన్ మొదలుపెట్టింది. టీకా వేయించుకోని వాళ్లలో కూడా జబ్బు తగ్గింది.

అదే కాలంలో ఆఫ్రికా సంగతి వేరు. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా సహారా కింద 26 దేశాల మీదుగా మెనింజైటిస్ బెల్ట్ అని ఒక పట్టీ ఉంది. డిసెంబరులో ఎండుగాలి, దుమ్ము మొదలైతే జబ్బు మొదలవుతుంది, వానలు పడితే ఆగుతుంది. 1996–97లో అక్కడ ఏ రకం రెండున్నర లక్షల మందికి సోకి 25 వేల మందిని చంపింది. దానికి కాంజుగేట్ టీకా చేయగలిగిన పెద్ద కంపెనీలకు ఆ మార్కెట్లో లాభం కనపడలేదు. ఆఫ్రికా దేశాలు అడిగింది ఒక్కటే, డోసు అర డాలరు దాటకూడదని. ఆ పని పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, పాత్ (PATH) అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ కలిసి ప్రాజెక్టు నడిపాయి, గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది, చక్కెరను ప్రోటీనుకు అతికించే పద్ధతి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ల్యాబ్ నుంచి వచ్చింది. 2010 డిసెంబరు 6న బుర్కినా ఫాసోలో 1 నుంచి 29 ఏళ్ల వాళ్లందరికీ మెన్‌ఆఫ్రివాక్ అనే ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. కరెంటు, ఫ్రిజ్ లేని ఊళ్లకు 40 డిగ్రీల వేడిలో నాలుగు రోజుల దాకా మోసుకెళ్లొచ్చని తరవాత తేలింది. మే నెలలో రామగుండంలో ఐస్ పెట్టె మోసిన ఏఎన్ఎంను అడగండి, ఆ నాలుగు రోజుల విలువ చెబుతుంది. 2017 తరవాత ఆ బెల్ట్‌లో ఏ రకం కేసు నమోదు కాలేదు. ఒక టీకా ఒక రకాన్ని ఖండం మీద నుంచి ఇంత శుభ్రంగా తుడిచేయడం అరుదు. ఖాళీ అయిన చోట సీ, డబ్ల్యూ, ఎక్స్ తలెత్తాయి. వాటికీ పుణెలోనే ఏ, సీ, డబ్ల్యూ, ఎక్స్, వై అయిదు రకాలకూ కలిపి మెన్‌ఫైవ్ టీకా తయారైంది. 2024లో దాన్ని అందరికన్నా ముందు నైజీరియా వాడింది.

ఈ అయిదింటిలో బీ లేదని గమనించారా? బీ రకం తొడుగు చక్కెర అచ్చం మన నాడీ కణాల మీద ఉండే చక్కెరలాంటిది. మన శరీరం దాన్ని పరాయిదని అనుకోదు, అనుకుంటే అదో ప్రమాదం. అందుకని శాస్త్రవేత్తలు తొడుగును వదిలేసి, 2000లో చదివిన క్రిమి జన్యుపటంలోంచి ప్రోటీన్లను ఏరి వేరే రకం టీకా చేశారు. అందుకే బీ టీకా విడిగా ఉంటుంది. 2013లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో బీ రకం చెలరేగినప్పుడు అమెరికాలో ఆ టీకాకు ఇంకా లైసెన్సు లేదు, ప్రత్యేక అనుమతితో తెప్పించి విద్యార్థులకు వేశారు. వేయించుకున్న వాళ్లకు జబ్బు రాలేదు. కానీ వాళ్ల గొంతులో క్రిమి అలాగే ఉంది. మరుసటి ఏడాది మార్చిలో, ఆ విద్యార్థులతో కలిసి మెలిగిన ఫిలడెల్ఫియా విద్యార్థిని ఒకరు అదే క్రిమితో చనిపోయారు. బీ టీకా వేయించుకున్నవాణ్ని కాపాడుతుంది, పక్కవాణ్ని కాదు.

మరి మన ఊళ్లో ఎవరికి కావాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రతి పిల్లవాడికీ వేలు పోసి మెనింజోకోకల్ టీకా వేయించాలని పరుగులు పెట్టనక్కర్లేదు. ఢిల్లీలో 1966, 1985, 2005లో, మేఘాలయ, త్రిపురల్లో 2008–09లో ఇది చెలరేగింది నిజమే, అయినా ప్రభుత్వ ఉచిత టీకాల్లో ఇది లేదు. బ్యాక్టీరియా మెనింజైటిస్ తెచ్చే మిగతా ఇద్దరు దొంగలు, హిబ్, న్యుమోకోకస్, వాటికి టీకాలు అంగన్‌వాడీ దగ్గరే ఉచితంగా పెంటావాలెంట్, పీసీవీ పేర్లతో దొరుకుతున్నాయి. ముందు ఆ డోసులు పూర్తయ్యాయో లేదో కార్డు చూసుకోండి.

తప్పకుండా కావాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్లు, అది పని చేయనివాళ్లు. తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులున్న పిల్లల ఇళ్లలో ఈ మాట డాక్టరు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగాలి. ప్లీహం తీసే ఆపరేషన్‌కు ముందే తేదీ ఖాయమైతే, కనీసం రెండు వారాల ముందు టీకా పడటం మంచిది. రక్తంలో కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీన్లు పుట్టుకతో తక్కువున్నవాళ్లు, వాటిని అడ్డుకునే ఎక్యులిజుమాబ్ లాంటి మందు వాడేవాళ్లు. ఈ క్రిమితో ల్యాబులో పని చేసేవాళ్లు. ఆపైన ప్రయాణికులు.

ప్రయాణికుల్లో హజ్, ఉమ్రా యాత్రికులది పాత అనుభవం. 1987 హజ్ తరవాత ఏ రకం, 2000లో డబ్ల్యూ రకం యాత్రికులతో పాటు దేశదేశాలకూ పాకాయి. ఆ దెబ్బతో సౌదీ 2002 నుంచి ఏ, సీ, డబ్ల్యూ, వై నాలుగు రకాల టీకాను తప్పనిసరి చేసింది. మక్కా చేరడానికి కనీసం 10 రోజుల ముందు వేసి ఉండాలి. కాంజుగేట్ అయితే సర్టిఫికెట్ అయిదేళ్లు, పాత చక్కెర టీకా అయితే మూడేళ్లు చెల్లుతుంది. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకు ఈ టీకా శిబిరాల్లో పడిపోతుంది. ట్రావెల్స్ వాళ్లతో హడావుడిగా ఉమ్రాకు వెళ్లేవాళ్ల దగ్గరే జారిపోతోంది. 2024 వసంతంలో సౌదీ ప్రయాణంతో ముడిపడి అమెరికా, ఫ్రాన్స్, బ్రిటన్‌లలో 12 కేసులు బయటపడితే అందులో తొమ్మిది మంది టీకా వేయించుకోనివాళ్లే.

చివరికి మళ్లీ మావాడి సంగతి. టెక్సాస్ చట్టం ప్రకారం 22 ఏళ్ల లోపు కొత్త విద్యార్థి క్లాసులు మొదలయ్యే 10 రోజుల ముందైనా ఈ టీకా వేయించుకుని ఉండాలి, అదీ గత అయిదేళ్లలో. వాడికి నాలుగు రకాల కాంజుగేట్ టీకా ఒక్క డోసు పడింది, రెండు రోజులు చెయ్యి నొప్పి పెట్టింది, పోర్టల్‌లో ఎరుపు పచ్చగా మారింది. అక్కడికెళ్లాక వాడు చేరింది రెండు పడకగదుల అపార్ట్‌మెంట్‌లో. అయిదుగురు కుర్రాళ్లు, వాడు తప్ప మిగతా నలుగురూ ఎంఎస్ చేసేవాళ్లు, 23, 24 ఏళ్లు. చట్టం వాళ్లను అడగలేదు, వాళ్లూ వేయించుకోలేదు. ఒకే బాటిల్ నీళ్లు, ఒకే చెంచా, హాల్లో పక్కపక్కనే పరుపులు. వీడియో కాల్లో ఇదంతా చూసిన అక్క ఊరుకోలేదు. ఆ పిల్లల తల్లులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టింది, పిల్లల చేత మెదడువాపు టీకా వేయించండి అని.

అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "మావాడికి చిన్నప్పుడే వేయించామండీ."